పెట్టెలో ఈసారి ఏ విమానం? స్కేల్ మోడల్ కిట్లపై సందేహాలు – సమాధానాలు

కొత్త సంవత్సరం దగ్గరపడే కొద్దీ విమాన కిట్లు కట్టేవాళ్ల ఉత్తరాలన్నీ ఒకే దారి పడతాయి. ఏం వస్తుంది, ఎప్పుడు వస్తుంది, మన విమానం ఎందుకు రాదు? ఈసారి అలాంటి ప్రశ్నలకే చోటిచ్చాను.

*

ప్రతి డిసెంబరులోనూ ఫలానా విమానం వస్తోందని మిత్రులు చెబుతారు. కొన్ని నిజమవుతాయి, చాలావరకు గాలిమాటలే. ముందుగా పసిగట్టే పద్ధతి ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

ఉంది. కంపెనీ జేబులోంచి ఆలోచించడం మొదలుపెడితే సగం తెలిసిపోతుంది. కిట్‌లోని ప్లాస్టిక్‌కు పెద్ద ఖర్చేమీ కాదు. ఖర్చంతా ఉక్కు అచ్చుకే. ఆ డబ్బు వెనక్కి రావాలంటే ఒకే అచ్చుతో చిన్న చిన్న మార్పులు చేసుకుంటూ రెండు మూడు రకాల పెట్టెలు అమ్మగలగాలి. టామియా 2022లో 1/48 స్కేల్‌లో ఎఫ్-35ఎ తెచ్చింది. తర్వాత రాబోయేవి బి, సి రకాలేనని ఆ రోజే చెప్పేయవచ్చు. 2023లో బి వచ్చింది, దాని వెనకే సి వచ్చింది.

రెండో గుర్తు పాతబడ్డ అచ్చు. బాగా అమ్ముడుపోయే విమానం ఉండి, మార్కెట్లో ఉన్న కిట్ మాత్రం ముప్పై నలభై ఏళ్ల నాటిదైతే ఎవరో ఒకరు దాని మీద చెయ్యి వేస్తారు. ఎయిర్‌ఫిక్స్ తన 1983 నాటి వల్కన్‌ను పక్కనపెట్టి 2021లో సరికొత్త అచ్చు తెచ్చింది అందుకే. ఇక మ్యూజియంలో ఒక విమానాన్ని లేజర్‌తో స్కాన్ చేశారన్న కబురు, దగ్గరలో ఉన్న వార్షికోత్సవం, పెద్ద సినిమా కూడా గుర్తులే. 2022లో ‘టాప్ గన్: మావెరిక్’ వచ్చినప్పుడు ఎఫ్-14, ఎఫ్/ఎ-18 పెట్టెలకు కొత్త ఊపు వచ్చింది.

ఒక్క గుర్తు కనబడితే నమ్మకండి. రెండు మూడు కలిసినప్పుడే నమ్మండి.

తేదీలు కూడా గుర్తుంచుకోండి. ఎయిర్‌ఫిక్స్ తన ఏడాది జాబితాను సాధారణంగా జనవరిలో ప్రకటిస్తుంది. ఆ వెంటనే జర్మనీలో న్యూరెంబర్గ్ బొమ్మల సంత ఉంటుంది. మే నెలలో జపాన్‌లో షిజువోకా హాబీ షో, నవంబరులో ఇంగ్లండ్‌లోని టెల్ఫర్డ్‌లో స్కేల్ మోడల్‌వరల్డ్ జరుగుతాయి. ఈ నాలుగు సమయాల్లో కాకుండా మధ్యలో పుట్టే కబుర్లను కాస్త అనుమానంగానే చూడాలి. ప్రకటన వెలువడ్డాక కూడా పెట్టె దుకాణానికి చేరడానికి ఏడాది పట్టిన సందర్భాలు ఉన్నాయి. టామియా దారి వేరు. అచ్చు పూర్తయ్యేదాకా నోరు విప్పదు, విప్పితే కొద్ది నెలల్లోనే పెట్టె మన చేతిలో ఉంటుంది.

*

హెచ్‌ఎఫ్-24 మారుత్ మన దేశంలో తయారైన తొలి జెట్ ఫైటర్. ఇన్నేళ్లయినా పెద్ద కంపెనీలు దాని కిట్ ఎందుకు తేలేదు? తేజస్ సంగతేమిటి? నా జీవితకాలంలో చూస్తానా?
– వైమానిక దళంలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు, సికింద్రాబాద్

మీ ఉత్తరంలోని ఆవేదన నాదీను. మారుత్ చరిత్ర ఏ విమానానికీ తీసిపోదు. ఫోకె-వుల్ఫ్ 190 రూపశిల్పి కర్ట్ టాంక్ బెంగళూరు వచ్చి, హెచ్‌ఏఎల్ ఇంజనీర్లతో కలిసి దీన్ని రూపొందించారు. 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. 1971 యుద్ధంలో రాజస్థాన్ ఎడారి మీద పోరాడింది. కోసుగా ఉన్న ముక్కు, రెండు ఆర్ఫియస్ ఇంజన్లు, వెనక్కి వాలిన రెక్కలు కలిసి చూడగానే కట్టాలనిపించే ఆకారం అది.

అయినా టామియా, హసెగావా, ఎయిర్‌ఫిక్స్, ఎడ్వార్డ్ దాని జోలికి రాలేదు. కారణం అంకెల్లో ఉంది. మారుత్‌లు తయారైనవి 147. వాడిన దేశం ఒక్కటే. స్పిట్‌ఫైర్లు 20 వేలకు పైగా తయారయ్యాయి, ఎన్నో దేశాల రంగులు వేసుకున్నాయి. స్పిట్‌ఫైర్ అచ్చు చేసినవాడు డెకాల్స్ మార్చి మళ్లీ మళ్లీ అమ్ముకుంటాడు. మారుత్ అచ్చు చేసినవాడికి మన వైమానిక దళపు చక్రం ఒక్కటే దిక్కు. కొనే మనం ఎంతమందిమి ఉన్నామో ఆ కంపెనీల లెక్కల పుస్తకాల్లో కనిపించడం లేదు.

నాట్ ఉదాహరణ చూడండి. 1965లో, 1971లో పాకిస్తాన్ సేబర్ జెట్ల మీద పేరు తెచ్చుకున్న నాట్ మనకు ప్రాణం. చెక్ సంస్థ స్పెషల్ హాబీ 1/72లో ఒంటి సీటు నాట్ తెచ్చినప్పుడు పెట్టె మీద ఫిన్లాండ్ విమానాన్ని కూడా వేసింది. ఫిన్లాండ్ కొన్న నాట్‌లు 13 మాత్రమే. ఆ పదమూడింటి కోసమే పెట్టె కొనే మోడలర్లు ఆ దేశంలో ఉన్నారని సంస్థకు తెలుసు. మన దగ్గర వందల నాట్‌లు ఎగిరాయి. వాటి కోసం అడిగిన గొంతులు మాత్రం అంత గట్టిగా వినబడలేదు.

అందువల్ల పెద్ద కంపెనీ నుంచి మారుత్ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. చిన్న సంఖ్యలో పెట్టెలు చేసే తూర్పు యూరప్ సంస్థల నుంచి, లేదా రెజిన్, త్రీడీ ప్రింటింగ్ దారిలో వస్తుందన్నది నా అంచనా. జర్మనీలో డాయిచెస్ మ్యూజియం వారి ష్లైస్‌హైమ్ శాఖలో ఒక మారుత్ ఉంది. టాంక్ పేరు వల్ల జర్మన్ అభిమానులకూ దాని మీద మక్కువ ఉంది. యూరప్‌లో కూర్చున్న డిజైనర్‌కు కొలతలు తీసుకోవడానికి అది మంచి అవకాశం.

తేజస్ విషయంలో నాకు ఆశ ఎక్కువ. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన విమానం చాలాకాలం కొద్ది సంఖ్యలోనే ఉండిపోయింది. ఇప్పుడు పరిస్థితి మారింది. 2021లో 83, 2025 సెప్టెంబరులో మరో 97 మార్క్ 1ఎ విమానాలకు ఆర్డర్లు ఖరారయ్యాయి. ఒంటి సీటు, రెండు సీట్ల శిక్షణ విమానం, మార్క్ 1ఎ, నౌకాదళ నమూనా అన్నీ ఒకే కుటుంబం. కంపెనీలు కోరుకునేది సరిగ్గా ఇలాంటి కుటుంబాన్నే. మరో దేశం కొంటే ఇక ఆలస్యం ఉండదు. కొనకపోయినా వచ్చే పదేళ్లలో ఒక ఆసియా సంస్థ 1/72లోనో 1/48లోనో మంచి తేజస్ తెస్తుందని నా గట్టి నమ్మకం.

దీనికంటే మంచి దారి ఇంకొకటి ఉంది. పోలండ్‌కు చెందిన ఆర్మా హాబీ మొదట చేపట్టిన వాటిలో తమ దేశపు శిక్షణ జెట్ టీఎస్-11 ఇస్క్రా ఒకటి. ఈ ఇస్క్రాల మీదే మన హకీంపేటలోనూ పైలట్లు శిక్షణ పొందారు, మీరు చూసే ఉంటారు. సొంత దేశపు విమానంతో అడుగుపెట్టిన ఆ చిన్న సంస్థ తర్వాత హరికేన్, మస్టాంగ్ కిట్లతో ప్రపంచం మెచ్చే స్థాయికి ఎదిగింది. 2010 దశకం తొలి ఏళ్లలో ఎయిర్‌ఫిక్స్ పెట్టెల మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉండేది. అంటే అచ్చులోంచి ప్లాస్టిక్ తీసే పని మన దేశానికి కొత్త కాదు. మన విమానం మన దగ్గరే పుట్టాలని కోరుకోవడం అత్యాశ కాదు.

*

బీచ్ రోడ్డులోని టీయూ-142 చూసినప్పుడల్లా కట్టాలనిపిస్తుంది. సరైన కిట్ ఉందా, లేకపోతే వస్తుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ట్రంపెటర్ 1/72లో టీయూ-142ఎంఆర్ చేసింది. అయితే అది జలాంతర్గాములకు సందేశాలు పంపే రష్యన్ రకం. మీ ఊళ్లో ఉన్నది, 2017 మార్చిలో అరక్కోణం నుంచి వీడ్కోలు తీసుకుని అదే డిసెంబరులో మ్యూజియం అయినది, జలాంతర్గాములను వేటాడే రకం. తోక నిలువు రెక్క కొసన వెనక్కి పొడుచుకు వచ్చిన గొట్టం గమనించారా? సముద్రంలో దాగిన ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాను పట్టే పరికరం అందులో ఉంటుంది. పొట్ట కింది భాగంలోనూ తేడాలున్నాయి. ట్రంపెటర్ కిట్‌లోని రెక్కలు, ఇంజన్లు, ఒకే ఇరుసు మీద ఎదురెదురుగా తిరిగే జంట ప్రొపెల్లర్లు పనికొస్తాయి.

కొనేముందు ఇంట్లో చోటు చూసుకోండి. అసలు విమానం రెక్కల వెడల్పు 50 మీటర్లు, అంటే 1/72లో దాదాపు 70 సెంటీమీటర్లు. పొడవు అంతకంటే ఎక్కువే. 1/144లో అయితే అందులో సగం చాలు.

పూర్తిగా కొత్త అచ్చుతో మన రకం వస్తుందని నేననుకోను. ఉన్న కిట్‌ను మార్చుకోవడానికి రెజిన్ భాగాలు, భారత నౌకాదళ డెకాల్స్ రావడానికి మాత్రం మంచి అవకాశం ఉంది. మీకు ఇంకెవరికీ లేని సౌకర్యం ఉంది. అసలు విమానం నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. చక్రాల గదులు, పొట్ట భాగం, తోక కొస దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకోండి. కట్టేటప్పుడు ఏ పుస్తకం కంటే అవే ఎక్కువ ఉపయోగపడతాయి.

*

సార్, నేను పదో తరగతి. మిగ్-21 రిటైరైంది కదా, ఇప్పుడు దాని కొత్త కిట్లు వస్తాయా? నేను ఇంతవరకు ఒక్కటి కూడా కట్టలేదు. దాంతోనే మొదలుపెట్టాలని ఉంది.
– ఒక విద్యార్థి, ఒంగోలు

బాబూ, మంచి విమానమే ఎంచుకున్నావు. 1963లో మన దళంలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. ప్రపంచంలో పది వేలకు పైగా తయారైన విమానం కాబట్టి కిట్లకు కొదవలేదు. ఎడ్వార్డ్ చేసిన 1/48, 1/72 మిగ్-21లు చాలా బాగుంటాయి. వీడ్కోలు సందర్భంగా మన గుర్తులతో పెట్టెలు, డెకాల్స్ ఇంకా వస్తాయనే నా అంచనా. నా కోరిక మాత్రం మన దళం ఆధునికీకరించి వాడిన బైసన్ రకం. ముందు అద్దం దగ్గర నుంచి దానికి చాలా మార్పులు ఉన్నాయి. అవన్నీ ఒకే పెట్టెలో, ఉన్న భాగాలను కోసి అతికే పని లేకుండా రావాలి.

కాని మొదటి కిట్‌గా ఎయిర్‌ఫిక్స్ 1/72 హాక్ లాంటి చిన్నది తీసుకో. బీదర్‌లోని సూర్యకిరణ్ జట్టు నడిపేది హాక్‌నే. ఆ జట్టు రంగులే వేయాలనుకుంటే మనది 132 రకం కాబట్టి పెట్టె మీద ఏ రకమో చూసి కొను. భాగాలను కత్తిరించడం, గీరడం, సన్నగా జిగురు పెట్టడం, పలచని పూతలుగా రంగు వేయడం దాని మీద నేర్చుకో. తర్వాత మిగ్-21 కొనేటప్పుడు ఎడ్వార్డ్ ‘వీకెండ్ ఎడిషన్’ పెట్టె అడుగు. ‘ప్రొఫిప్యాక్’లో ఉండే సన్నని లోహపు భాగాలు అందులో ఉండవు, తేలికగా కట్టగలవు. ఈ పని పరీక్షలు అయ్యాకే.

*

కొత్తది వస్తుందేమోనని పాతది కొనకుండా ఆగాలా?
– ఒక పాఠకుడు, డల్లాస్

ఆగకండి. ప్రకటన వెలువడితే ఆగడం న్యాయమే, ఆశ మీద ఆగితే ఏళ్లు గడిచిపోతాయి. పైగా కంపెనీలు మూతపడతాయి. 1/48లో జాగ్వార్ చేసిన కిట్టీ హాక్ 2021లో మూతపడింది. అచ్చులు చేతులు మారి మళ్లీ వస్తాయన్నది నిజమే. బ్రిటన్‌లో ఫ్రాగ్ ముగిశాక దాని అచ్చులు సోవియట్ యూనియన్‌కు వెళ్లి నోవో పేరుతో పెట్టెలయ్యాయి. కాని ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు. జాగ్వార్‌ను ఇంకా యుద్ధ విధుల్లో నడుపుతున్నది మన దేశమే. ఎక్కడైనా కనిపిస్తే తీసుకోండి.

*

త్రీడీ ప్రింటింగ్ వచ్చాక ఈ కంపెనీల అవసరం ఉంటుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

ఉంటుంది. ఇళ్లలో వాడే రెజిన్ ప్రింటర్ ఇరవై ముప్పై పెట్టెలకు బాగా పనికొస్తుంది. వేలల్లో చేయాలంటే ఉక్కు అచ్చే చవక. పాలీస్టైరీన్ జిగురుతో కరిగి అతుక్కున్నంత చక్కగా రెజిన్ అతుక్కోదు కూడా. అయితే పెద్ద కంపెనీలు ఎన్నటికీ చేయని విమానాలకు ఇదే దారి. దుండిగల్ ఆకాశంలో తరాల పైలట్లకు ఎగరడం నేర్పిన కిరణ్ ఈ దారిలోనే రావాలి, వస్తుంది. మీ ఊరి సంగతి మరొకటి చెప్పాలి. సీ-130జె తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారయ్యేది ఆదిభట్లలోనే. జ్వెజ్దా 1/72 సీ-130జె-30, టాకామ్ 1/35 అపాచీ రెండూ మంచి కిట్లు. కొత్తవాటి కోసం ఎదురుచూడకుండా వాటితో మొదలుపెట్టవచ్చు.

*

మీరు ఒక్క కిట్ మాత్రమే కోరుకోవాలంటే?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

1/48లో ఒంటి సీటు నాట్, కొత్త తరం అచ్చుతో. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద ఒంటరిగా పోరాడి నేలకొరిగిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ నడిపింది నాట్‌నే. వైమానిక దళానికి దక్కిన ఒకే ఒక పరమవీర చక్ర ఆయనది. ఎయిర్‌ఫిక్స్ దగ్గర 1/48లో రెండు సీట్ల నాట్ ఉంది. రెక్కలు, బాడీ వేరు కాబట్టి ఆ అచ్చు నేరుగా పనికిరాదు, కాని ఆ విమానం గురించి వారికి తెలిసింది తక్కువేమీ కాదు. భారత్, ఫిన్లాండ్ గుర్తులతో ఒక పెట్టె, నాట్ నుంచే మన హెచ్‌ఏఎల్ రూపొందించిన అజీత్‌తో మరో పెట్టె వేయవచ్చు. అసలు విమానం పొడవు 9 మీటర్లు కూడా లేదు కాబట్టి కిట్ దాదాపు 18 సెంటీమీటర్లలో అయిపోతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది.

పాఠకులందరికీ ఒక విన్నపం. మీ ఊరి మ్యూజియంలోనో, పార్కులోనో, కాలేజీ ఆవరణలోనో మన విమానం నిలబెట్టి ఉంటే నిర్వాహకుల అనుమతి అడిగి కొలతలు తీయండి, దగ్గరగా ఫొటోలు తీయండి. పనిచేస్తున్న వైమానిక స్థావరాల దగ్గర మాత్రం కెమెరా బయటికి తీయవద్దు. ఆ కొలతలు, ఫొటోలు జతచేసి, మీరు కోరుకునే విమానం పేరు, స్కేల్ స్పష్టంగా రాసి, మీకు నచ్చిన కిట్ కంపెనీకి ఈ జనవరిలోగా ఒక్క ఉత్తరం పంపండి.