గ్రామపు నీటి పద్దు: రబీ విత్తుటకు ముందే వేయవలసిన లెక్క

ఇంటి ఖర్చునకు పద్దు వ్రాయని రైతు అరుదు. గింజలెన్ని వచ్చినవి, తిండికెన్ని ఉంచితిమి, విత్తనమునకెన్ని తీసితిమి అన్న లెక్క ప్రతి యింట నుండును. భూమిలోని నీటికి మాత్రము మనము పద్దు వ్రాయుట లేదు. ఎవరి బోరు వారిది, ఎవరి మోటారు వారిది; కాని అడుగున నున్న నీరు ఊరందరిదియు ఒక్కటే. ఒకరు లోతుగా తోడినచో ప్రక్కవాని బోరు ఎండును. చేతికి రావలసిన చీనీ తోట ఫిబ్రవరిలో ఎండుచుండగా అప్పు చేసి బోరుపై బోరు వేయించిన రైతులను నేను చూచితిని. అది ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వుటయే.

వానల తీరు మారుచున్నది

పూర్వపు అనంతపురము జిల్లాలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ సగటును నమ్ముకొని సేద్యము చేయుట నానాటికి కష్టమగుచున్నది. గాలి ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కినచో నూటికి సుమారు 7 పాళ్లు ఎక్కువ ఆవిరిని పట్టుకొనగలదు. అందువలన కురిసినప్పుడు వాన ఒక్కుమ్మడిగా కురియును. కురియని దినములలో నేల త్వరగా ఆరును. 2018 ఖరీఫులో ఈ జిల్లాను కరువు పీడించినది. 2022 అక్టోబరులో అనంతపురము పట్టణము వరదలో మునిగినది. కుండపోతగా వచ్చిన నీరు వంకలలో పడి పోవునే గాని భూమిలోనికి తగినంత ఇంకదు. కావున ఇంకిన నీటిని ఎరిగి వాడుకొనుటయే ఇక మనకు దారి.

మొదట కొలత, పిదప మాట

ఉద్యోగములో చేరిన క్రొత్తలో నేనొక పొరపాటు చేసితిని. మండల కేంద్రపు వర్షమాపకములో 40 మిల్లీమీటర్లు నమోదైనదని చూచి, చాలినంత పదును వచ్చినది, వేరుశనగ విత్తవచ్చునని ఎనిమిది కిలోమీటర్ల దూరమందలి గ్రామమునకు కబురు పంపితిని. ఆ గ్రామముపై పడినది ఒక జల్లు మాత్రమే. నా మాట నమ్మి విత్తిన వారి విత్తనము మొలకెత్తక నేలపాలైనది. నాటి నుండి ఏ ఊరి వాన ఆ ఊరిలోనే కొలువవలెనని చెప్పుచున్నాను.

కొలతలు మూడే. ఒకటి, వర్షమాపకము: చెట్లకు, గోడలకు దూరముగా నిలిపి ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు చూచి వ్రాయవలెను. రెండు, నీటిమట్టము: ఊరిలో కొన్ని బోర్లను ఎంచుకొని, మోటారు ఆపియున్న వేళ, పదునైదు దినముల కొకమారు లోతు కొలువవలెను. మూడు, బోరు దిగుబడి: 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకండ్లలో నిండునో గడియారముతో చూడవలెను. 100 సెకండ్లలో నిండినచో సెకండుకు 2 లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. దినమునకు 7 గంటల చొప్పున 120 దినములు నడిపినచో సుమారు 60 లక్షల లీటర్లు. ఇది వరికైనచో ఎకరమున్నరకు కూడ చాలదు. వేరుశనగకైనచో మూడెకరములకు సరిపోవును.

లెక్క వేయు విధము

ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో సుమారు 4,000 లీటర్ల నీరగును. 2,000 ఎకరముల గ్రామమొకటి కలదనుకొందము. అచట జూన్ నుండి సెప్టెంబరు వరకు 320 మిల్లీమీటర్లు కురిసినది. మన రాతి నేలలలో కురిసినదానిలో సుమారు పదవ వంతు మాత్రమే, అనగా 32 మిల్లీమీటర్లు, భూగర్భమునకు చేరునని తీసికొందము.

జమ: 32 మిల్లీమీటర్లు × 4,000 లీటర్లు × 2,000 ఎకరములు = 25.6 కోట్ల లీటర్లు.

ఖర్చు:
ఖరీఫులో ఇదివరకే తోడినది: 5 కోట్లు.
అక్టోబరు నుండి మే వరకు 240 దినములు, 1,500 మంది జనమునకు తలకు 55 లీటర్ల చొప్పున: సుమారు 2 కోట్లు.
500 పశువులకు 50 లీటర్ల చొప్పున: 60 లక్షలు.
ముందు ఏడు వాన తప్పినచో ఆదుకొనుటకు నిలువ: 3 కోట్లు.

ఇవి పోగా రబీ పైరులకు మిగులునది 15 కోట్లు.

ఎకరమునకు వరికి సుమారు 48 లక్షల లీటర్లు, వేరుశనగకు 20 లక్షలు, రాగికి 14 లక్షలు కావలెను. ఈ గ్రామ రైతులు 25 ఎకరముల వరి, 40 ఎకరముల వేరుశనగ వేయ దలచిరనుకొనుడు. వరికి 12 కోట్లు, వేరుశనగకు 8 కోట్లు, వెరసి 20 కోట్లు. లోటు 5 కోట్లు! ఈ లోటు కాగితముపై కనబడనిచో మార్చిలో పొలములో కనబడును. గింజ పాలు పోసుకొను వేళ మొదట ఎండునది చివరి పేద రైతు బోరు. దాని వెనుక ఊరి త్రాగునీటి బోరు.

అదే గ్రామము 10 ఎకరముల వరి, 30 ఎకరముల వేరుశనగ, 30 ఎకరముల రాగి వేసినచో 4.8, 6, 4.2 కలిపి సరిగా 15 కోట్లు. సాగు 65 ఎకరముల నుండి 70 ఎకరములకు పెరిగినదే గాని తగ్గలేదు.

వరిమడి నుండి కొంత నీరు మరల భూమిలోనికి ఇంకును. నేల స్వభావమును బట్టి అంకెలు మారును. ఐనను ఉజ్జాయింపు లెక్క, లెక్క లేకపోవుటకంటె నూరు రెట్లు మేలు. అక్టోబరు, నవంబరు వానలు కురిసినచో జమకు చేర్చుకొనవచ్చును. రాని వానను ముందే ఖర్చు వ్రాయరాదు.

ఇది క్రొత్త మాట కాదు

2003లో ప్రారంభమైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకములో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురము, మహబూబ్‌నగర్, నల్లగొండ మొదలగు 7 కరువు జిల్లాల రైతులు తామే కొలతలు తీసి ఇట్టి లెక్కలు వేసికొనిరి. ఫలానా పంటయే వేయవలెనను నిర్బంధము లేదు. లెక్క కన్నులకు కనబడిన పిమ్మట పలువురు వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మారిరి.

గ్రామములో చేయవలసినవి

రబీ విత్తుటకు ముందు అందరును కూడి ఈ పద్దును పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. స్త్రీలను తప్పక పిలువవలెను. వేసవిలో బిందె మోయువారు వారే. జమ పెంచుటకు వాలుకు అడ్డముగా దున్ని, గట్లు సరిచేసి, వీలున్నచోట పంటకుంట త్రవ్వవలెను. ఖర్చు తగ్గించుటకు తోటలకు బిందు సేద్యము అమర్చుకొనవలెను. గ్రామోద్యోగులు బోర్ల పట్టికను సిద్ధము చేయవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి లేని బోరు పడకుండ చూడవలెను.

కొలుచుటకు చదివిన పిల్లలు చాలుదురు. లెక్క వేయుటకు వ్యవసాయ సిబ్బంది తోడ్పడుదురు. కాని లోటు తేలిన దినమున "నా వరి ఒక ఎకరము తగ్గింతును" అని మొదట చెప్పవలసినవాడు ఊరిలో పెద్ద బోరు గల రైతే. అతడు చెప్పినచో తక్కినవారు వెంట నడతురు; అతడు చెప్పనిచో గోడమీది పద్దు గోడమీదనే యుండును.