టెస్టర్, పానా, గుప్పెడు వాషర్లు



ఉద్యోగం కోసం హైదరాబాదులో విడిగా ఇల్లు తీసుకున్న పిల్లకు పెద్దవాళ్లు కుక్కరు, మిక్సీ, పరుపు అన్నీ గుర్తుచేసి మరీ పంపుతారు. పనిముట్ల సంగతి ఎవరికీ తట్టదు. కుళాయి కారినా, ఫ్యాను తిరగనని మొరాయించినా ఎవరో ఒక మిస్త్రీ వస్తాడు, చూస్తాడు, ఏదో మార్చాలంటాడు. అది నిజంగా మార్చాల్సిందో కాదో ఇంట్లోవాళ్లకు తెలియదు. అందుకే పెదనాన్న మాట ఇది: నాలుగు పనిముట్లు కొనిపెట్టుకునేది ముందుగా లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి. విప్పి బాగుచేయడం ఆ తర్వాతి సంగతి.

ఇంట్లో దిగిన రోజే రెండు చోట్లు చూసిపెట్టుకోవాలి. నీళ్లు మొత్తం ఆపే వాల్వు ఎక్కడుంది, కరెంటు మొత్తం ఆపే మెయిన్ ఎక్కడుంది. పైపు పగిలి హాలంతా నీళ్లు నిండాక వాల్వు కోసం వెతకడం చాలా ఇళ్లలో జరిగేదే.

కొనాల్సిన వాటిలో మొదటిది లైన్ టెస్టర్. పెన్ను పొడవున ఉండే ఆ పిడిలో చిన్న నియాన్ బల్బు, దానికి జతగా పెద్ద రెసిస్టర్ ఉంటాయి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. ఆ రెసిస్టర్ అడ్డుపడటం వల్లే పిడి చివర వేలు ఆనించినా షాక్ తగలనంత కొద్ది కరెంటు ఒంట్లోంచి పోతుంది, బల్బు వెలుగుతుంది. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే కుడి రంధ్రంలో వెలగాలి, ఎడమ రంధ్రంలో వెలగకూడదు. ఎడమ వైపూ వెలిగితే న్యూట్రల్ ఎక్కడో తెగిందని అనుమానించాలి. వెలగనంత మాత్రాన కరెంటు లేదని మాత్రం నమ్మకూడదు. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన సాకెట్‌లో పెట్టి టెస్టర్ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. తడి చేతులతో, తడి నేల మీద అసలు వాడకూడదు. ఇంకో మాట, టెస్టర్‌ను స్క్రూడ్రైవర్‌గా వాడే అలవాటు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. బలంగా తిప్పితే దాని కొన మెలిపడుతుంది, ప్లాస్టిక్ తొడుగు బీటలిస్తుంది. ఆ బీటలోంచే ఎప్పుడో షాక్ కొడుతుంది. స్క్రూడ్రైవర్లు విడిగా కొనాలి: బల్లపరుపు కొనది ఒకటి, నక్షత్రం కొనది రెండో నంబరుది ఒకటి. ఇంటి పనికి చాలావరకు ఇవి సరిపోతాయి.

సీలింగ్ ఫ్యాను విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువగా మోసపోయేది అక్కడే. స్విచ్ వేస్తే మూలుగుతూ, చేత్తో తోస్తే గానీ తిరగకపోతే మోటారు కాలిపోయిందని బెంగపడనక్కర్లేదు. పాత తరహా ఫ్యాన్లలో చాలాసార్లు కెపాసిటర్ నీరసించి ఉంటుంది. అది ఫ్యాను కడ్డీకి ఉండే గిన్నె లాంటి మూత లోపల దాగిన అగ్గిపెట్టె అంత వస్తువు. దాని మీద 2.5 అనో 3.15 అనో మైక్రోఫారడ్ల అంకె ముద్రించి ఉంటుంది. అదే అంకెది తేవాలి. పెద్ద అంకెది వేస్తే ఇంకా జోరుగా తిరుగుతుందని కొందరు సలహా ఇస్తారు. దానివల్ల వైండింగ్ వేడెక్కుతుంది. నిచ్చెనెక్కి మార్చే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయవచ్చు. ఏం మార్చమనాలో తెలిసి పిలవడం ముఖ్యం.

నీళ్ల పనికి అడ్జస్టబుల్ పానా ఒకటి చాలు. స్వీడన్‌లో యోహాన్ పెట్టర్ యోహాన్‌సన్ 1892లో పేటెంటు పొందిన ఆకారమే ఈనాటికీ పెద్దగా మారలేదు. పట్టేటప్పుడు కదిలే దవడ తిప్పే దిశ వైపు ఉండాలి, బలం కదలని దవడ మీద పడాలి. తిరగేసి పడితే జారి నట్టు అంచులు అరిగిపోతాయి. సెకనుకో చుక్క కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలు వదులుతుంది, తక్కువలో తక్కువ నాలుగు లీటర్లు. పాతకాలపు మర కుళాయి అయితే లోపలి వాషర్ మారిస్తే చాలు. పావు చుట్టు తిరిగే కొత్త రకమైతే కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి. పాతది విప్పి జేబులో వేసుకుని షాపుకు వెళితే సైజు తప్పదు. టెఫ్లాన్ టేపును, పైపు మరలున్న కొస మన వైపు పెట్టుకుని, గడియారం ముళ్లు తిరిగే దిశలో చుట్టాలి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు ఊడి ముడుచుకుపోతుంది. బోరు నీళ్ల ఇంట్లో కుళాయి ధార సన్నబడితే ముందు చూడాల్సింది మూతి దగ్గర జల్లెడ. విప్పి ఒక రాత్రి వెనిగర్‌లో నానబెడితే తెల్లటి ఉప్పు కరిగిపోతుంది.

గోడకు స్క్రూ బిగించే పనికి డ్రిల్లు కొనక్కర్లేదు, అడిగితే పక్కింటివాళ్లు ఇస్తారు. ఫిషర్లు మాత్రం ఇంట్లో ఉండాలి. జర్మనీకి చెందిన ఆర్తుర్ ఫిషర్ 1958లో తెచ్చిన నైలాన్ ప్లగ్గు అది. ఆయన పేరే మన హార్డ్‌వేర్ షాపుల్లో వస్తువు పేరై కూర్చుంది. స్క్రూ లోపలికి పోయేకొద్దీ ప్లగ్గు విచ్చుకుని గోడను పట్టుకుంటుంది. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా రంధ్రం వేయకూడదు. వైర్ల గొట్టం సాధారణంగా ఆ దారినే పోతుంది.

గ్యాస్‌కు కావలసిన పనిముట్టు సబ్బునీళ్లే. రెగ్యులేటర్ దగ్గర, గొట్టం అతుకుల దగ్గర రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూడటం ప్రాణం మీదికి తెస్తుంది. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. గొట్టం మీద గడువు ముద్రించి ఉంటుంది. ఇంట్లో దిగిన వారంలోనే అది చదవాలి.

వీలైతే ఓ సాయంత్రం సికింద్రాబాదు రాణిగంజ్‌లోని హార్డ్‌వేర్ షాపులకు వెళ్లి ఇవన్నీ కొనుక్కో. వైర్లు కోయడానికి కటింగ్ ప్లేయర్ కూడా ఒకటి తీసుకో, కొనేటప్పుడు దాని దవడలు మూసి వెలుతురుకు ఎత్తి చూడు. కొన దగ్గర రెండూ కలవాలి, కోసే అంచుల మధ్య సందు కనిపించకూడదు. పిడి అటూ ఇటూ ఊగితే పక్కన పెట్టేసి ఇంకోటి చూపించమను.


పెదనాన్న