పికప్పు మోటారును పుంతదారికి తగినట్లు సవరించుకొనుట

మన ఎలమంచిలి ప్రాంతమున ఎడ్లబండి చేయు పనిలో పెక్కుభాగమును ఇప్పుడు పికప్పు మోటారే చేయుచున్నది. తారురోడ్డుపై దానికి కొదువ లేదు. చిక్కు వచ్చునది చేనినుండి రోడ్డు వఱకు గల కొద్దిపాటి పుంతలోనే. నఱికిన చెఱకు ఒక దినములోపల గానుగ చేరనిచో తూకము తగ్గుటయే గాక తీపియు తఱుగును. కావున బండి బురదలో దిగబడి గడచిన ప్రతి గంటయు రైతు సొమ్మును తినుచుండును.

ఎడ్లబండిలో లాగునది ఎద్దు, దొరలునది చక్రము. మోటారులో ఈ రెండు పనులును చక్రమే చేయవలెను. అందును మన పికప్పులలో త్రోయునవి వెనుక చక్రములు రెండే. ఇందువలన ఒక వింత కలుగుచున్నది. సరకుతో దాటిన బురదలోనే ఖాళీగా తిరిగివచ్చు బండి చిక్కుకొనును. ఇంజను బరువు ముందుండుటచే ఖాళీబండి వెనుక చక్రములు నేలను గట్టిగా అదుమజాలవు. ఏబదేసి కిలోల ఇసుక బస్తాలు నాలుగు వెనుక ఇరుసుకు సరిగా పైన వేసి త్రాటితో బిగించిన ఈ లోపము చాలవఱకు తీరును. తోకవైపు వేసినచో ముందుభాగము తేలి స్టీరింగు మాట వినదు. సరకు నింపునపుడు బస్తాలు దింపవలయును.

ఒక చక్రము గిరగిర తిరుగుచు రెండవది కదలకుండుట అందఱును చూచియే యుందురు. ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ పండ్లచక్రములు మలుపులలో రెండు చక్రములు వేఱువేఱు వేగములతో తిరుగుటకై యేర్పడినవి. బురదలో ఆ మేలే కీడగును. పట్టులేని చక్రమునకే తిరుగుడంతయు పోవును. అట్టియెడ యాక్సిలరేటరు త్రొక్కుట గోయి త్రవ్వుకొనుటయే. చేతిబ్రేకు వెనుక చక్రములను పట్టునదైనచో, దానిని కొంచెముగా లాగి మెల్లగా కదలించిన, రెండవ చక్రమునకును బలము అందును.

అరిగి నునుపెక్కిన టైరునకు ఏ యుపాయమును పనికిరాదు. బురద తనంతట రాలిపోవునట్లు ఎడముగా గట్టులున్న టైర్లను వెనుకకు జతగా వేయించుట అన్నిటికంటె మేలైన ఖర్చని నా యభిప్రాయము. రాంబిల్లి, పూడిమడక వైపు ఇసుకలో మాత్రము గాలి తగ్గింపవలెను. టైరు ఒంటెపాదమువలె పఱచుకొనును. ఖాళీబండికి మూడవవంతు తగ్గించిన చాలును. నిండు బరువుతో తగ్గింపరాదు. తారురోడ్డు చేరగనే గాలి నింపనిచో టైరు వేడెక్కి పగులును.

స్ప్రింగులు పెంచి బండిని ఎత్తు చేయింపుడని కొందఱు మెకానిక్కులు చెప్పుదురు. పుంత నడిమి తిప్పకు తగులునది ఇరుసు నడుమనున్న గుండ్రని హౌసింగు. స్ప్రింగులు ఎత్తినను అది ఎత్తు కాదు. పెద్ద టైర్లతోనే అగును. పైగా ఎత్తైన బండి గట్టువాలున బోల్తాపడుట సులభము. కంపెనీవారి కొలతలను మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధమని 2019లో సుప్రీంకోర్టును తీర్పిచ్చినది. ఒక చక్రమును తిప్పపై నుంచి, రెండవదానిని గాడి వెలుపలి యంచుపై నడిపించుటకు ఖర్చేమియు లేదు.

దిగబడినపుడు చక్రముల ముందు పారతో వాలుగా త్రవ్వి, కొబ్బరి మట్టలో చెఱకు ఆకో పఱచవలెను. చక్రము తిరుగుచుండగా వెనుక ఎవరును నిలువరాదు. మట్టలు రాళ్లవలె ఎగిరి కొట్టును. ట్రాక్టరుతో లాగునపుడు త్రాడును బంపరునకు గాక చాసిస్ కొక్కెమునకే తగిలింపవలెను. త్రాడు తెగిన ప్రాణము తీయగలదు గనుక, పిల్లలను, కూలీలను దాని పొడవునకు మించిన దూరమున నిలుపుడు.

పార, రెండు దళసరి పలకలు, గట్టి త్రాడు, గాలిపంపు ప్రతి రైతును వేఱుగా కొననక్కఱలేదు. 1933లోనే సహకార పద్ధతిని చక్కెర కర్మాగారము నెలకొల్పుకొన్న ఏటికొప్పాక మన పొరుగుననే యున్నది. ఒక్కొక్క గ్రామ సంఘము ఒక జత కొని, తొలకరికి ముందే గోదాములో నుంచి, తీసికొన్నవారి పేరు పుస్తకమున వ్రాయించవచ్చును.