పండ్లతో నంజుకొనే తియ్యని గడ్డపెరుగు: కోడూరు తీరపు వాతావరణంలో తయారీ, నిల్వ

పెరుగన్నంలో అరటిపండునో మామిడిపండునో నంజుకొనడం కృష్ణా డెల్టా గృహాలకు కొత్త కాదు. వేసవిలో నూజివీడు ప్రాంతపు రసాలు ఇంటికి వచ్చిన రోజున రాత్రి భోజనం పెరుగన్నంతో, మామిడి టెంకతో ముగియడం పరిపాటి. పెరుగులోని పులుపును పండు తీపి సరిచేస్తుంది. పండులో లేని కొవ్వును, మాంసకృత్తులను పెరుగు సమకూరుస్తుంది. పట్టణాల ఫలహారశాలల్లో ‘డిప్’ అనే పేరుతో పండ్ల ముక్కల పక్కన వడ్డిస్తున్న తియ్యని చిక్కని పెరుగు ఈ అలవాటుకే మరొక రూపం. వడకట్టిన గడ్డపెరుగు, కొద్దిగా చక్కెర, చిటికెడు ఏలకుల పొడి ఇందులోని దినుసులు.

ఇంత సులభమైన వంటకానికి ప్రత్యేక అధ్యయనం అవసరమా అన్న సందేహం రావచ్చు. దీనికి దగ్గరి బంధువు శ్రీఖండ్. విస్తరణ సిబ్బంది శిక్షణ తరగతుల్లో శ్రీఖండ్ పద్ధతినే తీసుకొని చక్కెర మాత్రం తగ్గించి చూపితే, తీపితో పాటు నిల్వ గుణం కూడా తగ్గిపోతుంది. దివిసీమ చివరన, సముద్రానికి చేరువలో ఉన్న కోడూరు వంటి మండలంలో, వేసవి ఉక్కలో, ఈ తేడా పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన విషయం అవుతుంది.

పాలు, తోడు

ఈ ప్రాంతంలో వరిగడ్డి, గట్ల మీది పచ్చిక ఆధారంగా ఇంటింటా సాగే పాడిలో గేదెలదే పైచేయి. గేదె పాలలో వెన్న సాధారణంగా 6 నుండి 8 శాతం, వెన్నేతర ఘనపదార్థాలు సుమారు 9 శాతం ఉంటాయి. కేసిన్ కూడా ఆవు పాలలో కంటె అధికం. అందువల్ల పెరుగు గట్టిగా తోడుకొంటుంది. బీటా కెరోటిన్ దాదాపు లేకపోవడం వల్ల తెల్లగా ఉండి, పండ్ల రంగును స్పష్టంగా చూపుతుంది.

పాలను ఒక పొంగు రానిచ్చి దించడం చాలదు. 85 నుండి 90 డిగ్రీల సెల్సియస్ వద్ద పది నిమిషాల పాటు కాగినపుడు తేటలోని మాంసకృత్తులు విడివడి కేసిన్ కణాలను అంటుకొంటాయి. ఆ తరువాత ఏర్పడే పెరుగు గడ్డ నీటిని మరింత గట్టిగా పట్టి ఉంచుతుంది. పూర్వం దాలిలో పిడకల సెగపై గంటల తరబడి కాగిన పాలకు పేరుకొనే పెరుగు అంత చిక్కగా ఉండటానికి కారణాలలో ఇది ముఖ్యమైనది. దాలి పాలకు వచ్చే లేత ఎరుపు రంగు, కమ్మని వాసన లాక్టోజు, మాంసకృత్తుల మధ్య జరిగే చర్య ఫలితం.

తోడు పెట్టే వేళ మీద కోడూరులో ప్రత్యేక శ్రద్ధ అవసరం. రాత్రి తోడు పెట్టి ఉదయం తీయడం ఆచారం. శీతకాలంలో ఇది సరిపోతుంది. మే నెలలో రాత్రి ఉష్ణోగ్రత 28 డిగ్రీలకు దిగువకు రావడం కష్టం. ఐదారు గంటలలోనే పెరుగు తోడుకొని, తెల్లవారేసరికి పులిసిపోతుంది. పులిసిన పెరుగును తీపి చేయడానికి చక్కెర రెట్టింపు పడుతుంది. లాక్టిక్ ఆమ్లంగా లెక్కించిన పులుపు 0.7 – 0.8 శాతం ఉన్నపుడే ఈ వంటకానికి అనుకూలం. 1 శాతం దాటితే మజ్జిగ పులుసుకు వాడుకోవడమే మేలు. కనుక వేసవిలో తెల్లవారుజామున తోడు పెట్టి, గడ్డ కట్టగానే, మధ్యాహ్నానికి ముందే వడకట్టడం ఉచితం.

వడకట్టుట: ఒక లెక్క

శుభ్రంగా ఉతికి, నీటిలో మరిగించి ఆరబెట్టిన పలుచని నూలు గుడ్డలో పెరుగును పోసి మూటగట్టి వేలాడదీస్తే తేట కారిపోతుంది. ఎంత తేట కారితే ఆపాలి? దీనికి విద్యార్థులు పదార్థ సమతుల్య లెక్కను వాడవచ్చు. వెన్న 7 శాతం, వెన్నేతర ఘనపదార్థాలు 9 శాతం ఉన్న గేదె పాలు ఒక కిలో తీసుకొంటే, అందులో మొత్తం ఘనపదార్థాలు 160 గ్రాములు. కారే తేటలో సుమారు 6 శాతం ఘనపదార్థాలు పోతాయని, వడకట్టిన పెరుగులో 25 శాతం ఉండాలని అనుకొంటే, మిగిలే పెరుగు బరువు సుమారు 526 గ్రాములు, కారే తేట సుమారు 474 గ్రాములు అవుతుంది. మొత్తం ఘనపదార్థాలు 13 శాతం ఉన్న ఆవు పాలతో ఇదే చిక్కదనానికి దక్కేది 368 గ్రాములు మాత్రమే. పాల కేంద్రానికి పోయవలసిన పాలను ఇంట్లో ఆపుకొని వాడే కుటుంబానికి ఈ వ్యత్యాసం చిన్నది కాదు.

ఈ లెక్కలోని ఆచరణాత్మక ఫలితం ఏమంటే, చిక్కదనాన్ని మూటను నొక్కి అంచనా కట్టనక్కరలేదు. మూట కింది గిన్నెలోని తేటను తూస్తే చాలు. కిలో పెరుగుకు తేట 470 గ్రాముల దగ్గరకు రాగానే ఆపాలి. ఇంకా కారనిస్తే శ్రీఖండ్‌కు వాడే చక్కా తయారవుతుంది. అది పండు ముక్కకు అంటుకొనే బదులు ముక్కను విరిచేస్తుంది.

వడకట్టడం చల్లని చోటే జరగాలి. 35 డిగ్రీల గదిలో మూట ఎనిమిది గంటలు వేలాడితే, మిగిలిన లాక్టోజును సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తూనే ఉంటాయి. పైగా గుడ్డ ఉపరితలం మీద ఈస్టు, బూజు చేరతాయి. ఫ్రిజ్ ఉన్నచోట జల్లెడపై గుడ్డ పరచి, పెరుగు పోసి, కింద గిన్నె ఉంచి, పైన మూత పెట్టి 8 నుండి 12 గంటలు లోపల ఉంచడం సులువు.

ఫ్రిజ్ లేని ఇంటికి మట్టికుండ చాలునన్న సలహా మెట్ట ప్రాంతాలలో కొంత పనిచేయవచ్చును గాని, కోడూరులో చెల్లదు. కుండ చల్లబడేది నీరు ఆవిరి కావడం వల్ల. గాలిలో తేమ ఎక్కువైన కొద్దీ ఆవిరి తగ్గుతుంది. కుండ ఎంత చల్లబడినా తడి బల్బు ఉష్ణోగ్రతకు దిగువకు పోలేదు. తీరంలో వేసవి తడి బల్బు ఉష్ణోగ్రత 26 – 28 డిగ్రీల వరకు ఉంటుంది. అది పెరుగు పులియడానికి చక్కగా సరిపోయే వేడి. ఎండిన గాలి ఉన్న రాయలసీమను దృష్టిలో ఉంచుకొని రాసిన కరపత్రాన్ని తీరంలో యథాతథంగా పంచకూడదు.

దీనికి ప్రత్యామ్నాయం ఈ మండలంలోనే కలదు. రొయ్యలు, చేపల పట్టుబడికి వాడే దిమ్మ మంచు ఇక్కడ దొరకనిది కాదు. అయితే ఆ మంచు తినడానికి తయారు చేసినది కాదని, చెరువు గట్టున వాడే థర్మోకోల్ పెట్టెలకు చేపల వాసనతో పాటు వాటి సూక్ష్మజీవులూ అంటి ఉంటాయని గుర్తించాలి. కొత్త పెట్టె తీసుకొని, అడుగున పగులగొట్టిన మంచు పరచి, దానిపై మూత బిగించిన స్టీలు గిన్నెలో జల్లెడను, పెరుగును అమర్చాలి. మంచు గిన్నె వెలుపలనే ఉండాలి; కరిగిన నీరు లోపలికి చుక్కయినా చేరరాదు.

చక్కెర కలపడం, నిల్వ

526 గ్రాముల వడకట్టిన పెరుగుకు 74 గ్రాముల చక్కెర పొడి చేర్చితే మొత్తం 600 గ్రాములు, చక్కెర సుమారు 12 శాతం అవుతుంది. చక్కెరను మెత్తగా పొడి చేసి జల్లించాలి. పలుకులుగా వేస్తే కరిగే లోపల చుట్టూ ఉన్న నీటిని లాగి, అడుగున పలుచని పాకంగా చేరుతుంది. కవ్వంతో గిలకొట్టరాదు, గడ్డ నిర్మాణం విరిగి, పట్టి ఉంచిన నీరు బయటపడుతుంది. చక్కెరను రెండు విడతలుగా చల్లి, గరిటెతో కింది నుండి పైకి మడతలు వేసినట్లు కలిపి, అరగంట చల్లగా ఉంచితే సరిపోతుంది. తాటిబెల్లం వాడదలచినవారు ఇసుక, పీచు లేని ఎండు బెల్లాన్ని తురిమి వేయాలి. పాకం కాచి వడగట్టి పోస్తే కష్టపడి తీసివేసిన నీరే మళ్ళీ చేరుతుంది. తేనె కలిపితే ఏడాది లోపు శిశువులకు పెట్టకూడదు. తేనెలో ఉండగల క్లాస్ట్రీడియం బాట్యులినం బీజాలు ఆ వయసులో ప్రాణాపాయం కలిగించగలవు.

శ్రీఖండ్‌తో పోలిక ఇక్కడ చూడాలి. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం శ్రీఖండ్‌లో మొత్తం ఘనపదార్థాలు 58 శాతానికి తగ్గకూడదు. ఆ ఘనపదార్థాలలో చక్కెర 72.5 శాతానికి మించకూడదు. అంటే గరిష్ఠంగా చక్కెర 42 శాతం, నీరు కూడా 42 శాతం. నీటి భాగం సగం చక్కెర పాకమే. సూక్ష్మజీవులకు అందులో వాడుకోదగిన నీరు తక్కువ. పైన చెప్పిన తియ్యని పెరుగులో నీరు సుమారు 66 శాతం. నీటి భాగంలో చక్కెర గాఢత 16 శాతానికి మించదు. ఇంత పలుచని తీపి ఈస్టులకు అడ్డు కాదు, ఆహారం. ఈ వంటకాన్ని కాపాడేవి పులుపు, చల్లదనం రెండే. కాబట్టి చేసిన రోజే తినాలి. 5 డిగ్రీలకు లోపల ఉంచినా మరుసటి రోజు దాటనీయరాదు. మంచు పెట్టెలో నుండి బయటకు తీసిన గిన్నెను రెండు గంటలలో ముగించాలి, మిగిలినది తిరిగి పెట్టెలో చేర్చకూడదు. స్వయం సహాయక బృందాలు దీనిని అమ్మదలిస్తే ఆహార వ్యాపార నమోదు తప్పనిసరి. ఘనపదార్థాలు 34 శాతమే గనుక ‘శ్రీఖండ్’ పేరు పెట్టడానికి వీలులేదు.

పండ్ల ఎంపిక

బంగినపల్లి మామిడి గట్టి కండ, తక్కువ పీచు వల్ల ముక్కకు నిలుస్తుంది. రసాలు ముక్కకు లొంగవు. వాటికి పెరుగన్నమే తగిన చోటు. దోరజామ అన్నిటికంటె సులువైనది, చౌకైనది. కృష్ణ లంక భూములలో విరివిగా పండే అరటిలో ఏ రకమైనా పనికివస్తుంది గాని, కోసిన ముఖం పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వల్ల నల్లబడుతుంది. నిమ్మరసం పూయవచ్చు, వడ్డించే ముందే కోయడం అంతకంటె మేలు. తాటిముంజలు రుచికి బాగున్నా జారుడు వల్ల పెరుగు వాటికి అంటదు.

అనాస విషయంలో ఒక హెచ్చరిక అవసరం. అందులోని బ్రోమెలైన్ పాల మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. పచ్చి అనాస ముక్కలు కలిపి ఉంచిన పెరుగు కొన్ని గంటలలో పలుచబడి చేదెక్కుతుంది. ముద్దముద్దకు నంజుకొంటే ఈ బాధ లేదు. కలిపి ఉంచదలిస్తే ముక్కలను ముందుగా ఉడికించి చల్లార్చాలి. బొప్పాయిలో పపైన్ ప్రధానంగా పచ్చికాయ పాలలో ఉంటుంది. బాగా పండిన కాయతో ఇబ్బంది స్వల్పం.

పండ్లను కడిగే నీరు మరొక బలహీనమైన అంచె. కాలువ చివరి భూములలో భూగర్భజలం ఉప్పన. చెరువు నీటిపైన ఆధారపడే ఇళ్ళలో తాగడానికి కాచిన నీటినే పండ్లకూ, కత్తికీ, పీటకూ వాడాలి. పాలను 90 డిగ్రీల వద్ద కాచిన శ్రమ అంతా కడగని జామకాయ ఒక్కటి వృథా చేయగలదు.

కిలో పాలకు అరకిలోకు కొద్దిగా తక్కువగా మిగిలే తేటలో లాక్టోజు, ఖనిజ లవణాలు ఉంటాయి. చపాతీ పిండి కలపడానికి, పులుసుకు నీటికి బదులుగా వాడవచ్చు. బృందాలు పది, ఇరవై లీటర్ల మేర చేసేటపుడు ఈ తేటను రొయ్యల చెరువులోనికో పంట కాలువలోనికో వదలకూడదు. దాని జీవరసాయన ఆక్సిజన్ గిరాకీ లీటరుకు 30,000 మిల్లీగ్రాములకు పైబడి ఉంటుంది. నిలిచిన నీటిలోని ప్రాణవాయువును అది వేగంగా హరిస్తుంది. పులియకముందే, కొద్ది కొద్దిగా, కుడితిలో కలిపి పాలిచ్చిన గేదెకే పట్టవచ్చు.