క్యాథలిక్ హైస్కూళ్లు: గ్రూప్స్ బిట్లు

నిజామాబాద్, బోధన్ ప్రాంతం: హైదరాబాద్ అగ్రపీఠం పరిధి. మేత్రాసనం 1886, అగ్రపీఠం హోదా 1953. ఆర్చ్‌బిషప్ పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఈయనే తొలి కార్డినల్ (కరెంట్ అఫైర్స్ బిట్).

 

రాజధాని పాఠశాలలు: ఆల్ సెయింట్స్ (గన్‌ఫౌండ్రీ) 1855, లిటిల్ ఫ్లవర్ (అబిడ్స్) 1953, సెయింట్ పాల్స్ 1954. మూడూ మాంట్‌ఫోర్ట్ బ్రదర్స్‌వే. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్ (1834) క్యాథలిక్ కాదు, ఆంగ్లికన్ మూలాలది; ఆప్షన్లలో ఇక్కడే పడిపోతారు.

ఈ క్యాథలిక్ పాఠశాలలు మైనారిటీ సంస్థలు కాబట్టి, అసలు మార్కులు రాజ్యాంగంలో ఉన్నాయి. ఆర్టికల్ 30(1): మత, భాషా మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకునే హక్కు. 30(1ఏ): ఆస్తి సేకరిస్తే తగిన పరిహారం, 44వ సవరణ. 15(5): ప్రవేశాల్లో రిజర్వేషన్లు, 93వ సవరణ, 2005, మైనారిటీ సంస్థలకు మినహాయింపు. టీఎంఏ పాయ్ కేసు, 2002: 11 మంది న్యాయమూర్తులు, మైనారిటీ ఎవరో తేల్చడానికి రాష్ట్రమే ప్రమాణం.

ప్రమతి తీర్పు, 2014: విద్యాహక్కు చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదు. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని సందేహించి, విస్తృత ధర్మాసనం కోసం ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. మెయిన్స్‌కు తప్పక చూసుకోండి.