ఊరి ఋణము

ఒక యూరిని విడిచి వేరొక యూరికి పోవువారిని గూర్చి “వారికి ఈ యూరి నీటిఋణము తీరినది” అని మన పెద్దలందురు. ఈ మాటను చిన్ననాటినుండి వినుచునే యున్నాను గాని, అది నాకే అన్వయించు దినము వచ్చువరకు దాని యర్థమును విచారింపలేదు.

సంస్కృతము బోధించుచు ముప్పది యెనిమిది సంవత్సరములు తిరుపతిలో, గోవిందరాజస్వామి సన్నిధికి చేరువనే కాపురముంటిని. నా భార్యకు చూపు మందగించినది. వృద్ధులమైన మేమిరువురమే యుండుట తగదని భాగ్యనగరమున నున్న కుమారుడు పలుమారు చెప్పగా, కనుమ వెళ్లిన పిమ్మట ప్రయాణమని నిశ్చయమైనది. ఇరుగుపొరుగువారు ఓదార్పుగా “ఋణము తీరినది, అంతేనండీ” అనిరి. నిజముగా తీరినదా యని నాకు సందేహము కలిగినది. సందేహము కలిగినపుడు శ్రీమద్రామాయణమును తెరచుట నా యలవాటు.

అయోధ్యాకాండమున శ్రీరామచంద్రుడు తమసాతీరమున నొక రాత్రి గడపి, వేదశ్రుతి, గోమతి, స్యందిక యను నదులను దాటును. దున్నిన పొలములు గల గ్రామములను, పూచిన వనములను చూచుచు పోవును. సరయూతీరపు వనములలో మరల నెన్నడు విహరింతునో యని సుమంత్రునితో పలుకును. పిదప కోసలదేశపు పొలిమేరయందు అయోధ్యాభిముఖుడై చేతులు జోడించి, ఆ పురమును, దానిని కాపాడు దేవతలను సెలవు కోరును. సర్వలోకశరణ్యుడు ఒక యూరిని అనుమతి యడుగుట గమనింపదగినది. ఋణవిముక్తుడనై తిరిగివచ్చి, తల్లిదండ్రులతో గూడి నిన్ను మరల చూతునని యనును. అచట ఆయన తీర్పబూనినది తండ్రి ఋణము. ఊరి ఋణము తీరినదని రాముడు అనలేదు.

పదునాలుగేండ్లకు రాముడు తిరిగివచ్చెను. అయోధ్య యున్నది, తల్లులున్నారు, తండ్రి లేడు. విడిచిన యూరు విడిచినట్లే యుండి మనకొఱకు వేచియుండదు. కావున చూడవలసినది, మ్రొక్కవలసినది పోవుటకు ముందే యని నాకు తోచినది.

మాకు మిగిలినది ధనుర్మాసము. ముప్పది దినములు; తిరుప్పావైయందు ముప్పది పాశురములు. గోదాదేవి శ్రీవిల్లిపుత్తూరినే వ్రేపల్లెగా, వటపత్రశాయి కోవెలనే నందగోపుని గృహముగా, తన్ను గోపికగా భావించెనని పూర్వాచార్యులు చెప్పుదురు. ఆమెయు పిదప ఆ యూరిని విడిచి శ్రీరంగమునకు పోయినదే. ఉన్నన్నాళ్లు మాత్రము తన వీధులలోనే వ్రేపల్లెను చూచినది. ఒంటరిగా పోక, వేకువన వాకిట వాకిట నిలిచి చెలులను లేపి తోడ్కొనిపోయినది. ఊరిని అనుభవించు విధమును మనకు నేర్పినది ఆ తల్లియే.

ఏండ్ల తరబడి ఈ పాశురములకు అర్థము చెప్పితిని గాని, వేకువన సన్నిధికి పోయిన దినములు తక్కువ. “ఇంటి ప్రక్కనే కదా, రేపు పోవచ్చును” అనుకొనుటలోనే సంవత్సరములు గడచినవి. ఈ నెల మాత్రము నా భార్య చేయి పట్టుకొని చలిలో నడచితిని. నిజమునకు ఆమెయే నన్ను నడిపించినది. చూపు మందగించినను గడపలు, మెట్లు ఆమె పాదములకు తెలియును. మట్ల అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గోపురము క్రిందికి రాగానే “ఇక్కడ గడప ఉన్నదండీ, చూచుకోండి” అని నాకే చెప్పెడిది. మాకు తులసిమాల యిచ్చు పూలమ్మి పేరు, ఆమె మనుమరాలి పేరు నా భార్య యెఱుగును. అన్ని యేండ్లు ఆమెయొద్దనే మాల కొన్న నేనెఱుగను. ఆ దినమున నాకు సిగ్గు కలిగినది.

గోవిందరాజస్వామి వృత్తాంతమును గూడ ఆ నెలలోనే క్రొత్తగా గ్రహించితిని. తిల్లై చిత్రకూటమున స్వామికి ఉపద్రవము కలుగగా ఉత్సవమూర్తిని ఇచ్చటికి తెచ్చిరనియు, భగవద్రామానుజులు 1130 ప్రాంతమున ఈ సన్నిధిని నెలకొల్పిరనియు సంప్రదాయము. అనగా ఊరు విడిచిన బాధ స్వామికి క్రొత్త గాదు. వచ్చినచోటనే శయనించి, ఆ చోటును దివ్యముగా జేసెను. శ్రీనివాసుని పెండ్లికై కుబేరుడిచ్చిన ధనమునకు లెక్క కొలిచి కొలిచి అలసి, కుంచమునే తలగడగా జేసికొనెనని జనుల వాడుక. కలియుగాంతము వరకు ఆ ఋణము తీరదట! స్వామికే తీరనిది మనకు ఒక ప్రయాణముతో తీరునా?

పాఠకులలో ఉద్యోగరీత్యానో, బిడ్డల కారణముననో ఊరు విడువవలసినవారు పెక్కుమంది యుందురు. వారికి నా విన్నపము మూడు మాటలు. సామాను సర్దుటకు ముందు కొన్ని దినములను సన్నిధికి కేటాయింపుడు. ఇన్నేండ్లు మీకు పాలు, పూలు, నీరు అందించినవారి యిండ్లకు పోయి సెలవు తీసికొనుడు. అచ్చటనే వేళ్లూనినదానిని అచ్చటనే విడువుడు. మా పెరటి తులసిని పెకలించి తీసికొనిపోవలెనని నాకుండెను. నా భార్య యొప్పుకొనక, ప్రక్కింటి కోడలిని పిలిచి, నీరు పోయు చెంబుతో సహా అప్పగించినది.

భోగినాడు గోదాకల్యాణము సేవించితిమి. ప్రయాణదినమున గోపురమున కభిముఖముగా నిలిచి, “ఋణము తీరలేదు స్వామీ, సెలవు మాత్రము ప్రసాదింపుము” అని ప్రార్థించితిని.

ఇప్పుడీ వ్యాసమును భాగ్యనగరమునుండి వ్రాయుచున్నాను. ఇచ్చట వీధిమొగలో నొక ముసలామె పూలమ్మును. మొదటి వారముననే నా భార్య ఆమె పేరు తెలిసికొన్నది. ఈ మారు నేనును అడిగితిని.