రూపము లేని చిత్రమును చూచుట ఎట్లు?

బాలుడొకడు మామిడిపండు బొమ్మ గీసి చూపినచో తల్లి చూచి "చక్కగా నున్నది" అని మెచ్చుకొనును. అదే బాలుడు ఒక పెద్ద నల్లని చుక్కను, దాని చుట్టును నాలుగు వలయములను గీసి చూపినచో "ఇదేమిటి?" అని యడుగును. ఆ ప్రశ్నలో తప్పు లేదు. పెద్ద చిత్రశాలలకు పోయిన విద్యావంతులును ఈ ప్రశ్ననే వేయుచుందురు. దీనికి సమాధానము వెదకుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

ఏ వస్తువుయొక్క ఆకారమును అనుకరింపక, గీతలు, రంగులు, వాని అమరిక, వీనితోనే భావమును తెలుపు చిత్రమును నైరూప్య చిత్రమందురు. దీనిని సంగీతముతో పోల్చి చూచిన సులభముగా బోధపడును. పెండ్లిపందిటిలో నాదస్వర విద్వాంసుడు రాగము నాలపించుచుండగా అందు మాటలు లేవు, కథ లేదు. అయినను మన మనస్సు కరగును. "ఈ రాగము దేనికి బొమ్మ?" అని ఎవరును అడుగరు. 1866లో మాస్కో నగరమున జన్మించిన వాసిలీ కాండిన్‌స్కీ అను చిత్రకారుడు ఈ పోలికను మిక్కిలి లోతుగా విచారించి, కళలోని ఆధ్యాత్మికతను గూర్చి 1911 చివర మ్యూనిక్‌లో ఒక గ్రంథమును ప్రకటించెను. పసుపురంగు చూచువాని మీదికి వచ్చునట్లును, నీలిరంగు లోనికి, దూరమునకు పోవునట్లును తోచునని ఆయన వివరించెను.

మన వాకిళ్లలోనే ఇందుకు ఉదాహరణ మున్నది. చుక్కల ముగ్గును మన పొరుగువారు కోలమందురు. అందు చిలుకలు, తామరలు ఉన్నవియు గలవు. చుక్కల చుట్టును మెలికలు తిరుగు గీత తప్ప మరేమియు లేనివియు గలవు. రెండవ విధమైన ముగ్గును చూచి "ఇది దేని బొమ్మ?" అని మనము అడుగము. అది వాకిలికి శుభమని మాత్రమే తలంతుము.

ఇక చుక్కనే తన జీవితకార్యముగా జేసికొన్న ఒక భారతీయుని గూర్చి తెలిసికొందము. సయ్యద్ హైదర్ రజా 1922 ఫిబ్రవరి 22వ తేదీన, నేటి మధ్యప్రదేశ్‌లోని మండలా జిల్లా బాబరియా గ్రామమున జన్మించెను. తండ్రి అటవీశాఖ ఉద్యోగి. బాల్యమున రజాకు పాఠములపై చూపు నిలిచెడిది కాదు. ఒకనాడు ఆయన ఉపాధ్యాయుడు వసారా గోడపై ఒక చుక్క పెట్టి, మిగిలినదంతయు మరచి దానినే చూచుచు కూర్చుండుమని చెప్పెను. ఈ సంగతిని రజా పెద్దవాడైన పిదప పలుమారు కృతజ్ఞతతో చెప్పుకొనెను.

అయితే ఆయన వెంటనే చుక్కలు గీయుటకు ఆరంభింపలేదు. నాగపూరులోను, బొంబాయి జె.జె. కళాశాలలోను చిత్రలేఖనము నేర్చెను. 1947లో సూజా, హుసేన్ మున్నగు మిత్రులతో కలిసి బొంబాయిలో అభ్యుదయ చిత్రకారుల సంఘమును స్థాపించెను. 1950లో ఫ్రెంచి ప్రభుత్వ విద్యార్థివేతనముపై పారిస్ చేరెను. 1956లో అచ్చటి విమర్శకుల బహుమతి నందుకొనెను. ఇండ్లు, వీథులు, చెట్లు, నేలలు ఎన్నియో చిత్రించెను. ఇంత కీర్తి వచ్చినను తన చిత్రములలో తన దేశమేది అను వెలితి ఆయనను విడువలేదు. 1970ల తరువాతి భాగమున భారతదేశమునకు మరలమరల వచ్చి, అజంతా, ఎల్లోరా, కాశీ మొదలగు చోట్లను దర్శించెను. సుమారు 1980 నాటికి, నాడు గోడమీద చూచిన ఆ చుక్క 'బిందువు'గా ఆయన చిత్రముల నడుమ వెలసెను. ఆయనకు అది విత్తనము, సూర్యుడు, సృష్టికి మూలము. నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు, నీలము అను ఐదు రంగులు పంచభూతములకు గుర్తులు. ముస్లిము కుటుంబమున పుట్టిన ఈ చిత్రకారుడు ఉపనిషత్తుల భావనలను తనవిగా జేసికొనెను.

"చుక్క గీయుట మా పిల్లవానికిని వచ్చును గదా!" అని కొందరు తల్లిదండ్రులు అనవచ్చును. నిజమే. చేయి గీయగలదు. కాని ఆ చుక్క ఎంత పెద్దదిగా నుండవలెను, ఏ రంగు ప్రక్కన ఏ రంగు నిలువవలెను అను నిర్ణయము వెనుక ముప్పదియేండ్లకు మించిన సాధన యున్నది. అట్లని నైరూప్యమైన ప్రతి చిత్రమును గొప్పదని మేము చెప్పము. సాధన లేని చుక్క చుక్కగానే మిగులును.

మన విద్యార్థులు ప్రత్యేకముగా గ్రహింపదగిన విషయము మరొకటి కలదు. రజా అరువదియేండ్లు ఫ్రాన్సులో నివసించెను. భార్య ఫ్రెంచి వనిత. ఆ దేశభాషను చక్కగా నేర్చెను. అయినను తన చిత్రములపై దేవనాగరి లిపిలో హిందీ మాటలు వ్రాయుట మానలేదు. 1981లో చిత్రించిన 'మా', అనగా 'అమ్మ', అను చిత్రమున ఒక హిందీ కవితాపంక్తియే కలదు. 2010 చివర స్వదేశమునకు మరలి వచ్చి, 2016 జూలై 23వ తేదీన ఢిల్లీలో మరణించెను. ఆయన కోరిక మేరకు మండలాలో తండ్రి సమాధి చెంతనే ఆయనను ఖననము చేసిరి. పొరుగుభాష నేర్చుటవలన తల్లిభాష పోదు; వాడకుండుటవలననే పోవును. బజారులో ఒక భాష, బడిలో రెండు భాషలు, ఇంట తెలుగు గల మనకు ఈ జీవితము ధైర్యము నీయగలదు.

విద్యార్థులారా! ఇట్టి చిత్రము కనబడినపుడు "ఇదేమిటి?" అని వెంటనే అడుగక, కొంతసేపు మౌనముగా చూడుడు. చూపు మొదట ఎచ్చట నిలిచినది, తరువాత ఎటు పోయినది, మనస్సు నిమ్మళించినదా, కలత చెందినదా అని గమనింపుడు. ఏమియు తోచనిచో తోచలేదనియే చెప్పుడు. తోచినట్లు నటించుటకంటె అది మేలు.

అభ్యాసము

1. నైరూప్య చిత్రమునకును సంగీతమునకును గల పోలికను మీ మాటలలో వ్రాయుడు.
2. బొమ్మలు లేని చుక్కల ముగ్గు నొకదానిని ఇంట పెద్దలనడిగి నేర్చుకొని, దాని పేరును తెలుగులో వ్రాసి తెండు.
3. తెల్లకాగితముపై ఒక చుక్క పెట్టి ఐదు నిమిషములు చూడుడు. మనస్సున మెదలిన వానిని ఐదు వాక్యములలో వ్రాయుడు.
4. రజా మొదటినుండియు చుక్కలనే గీసియుండినచో ఆయన బిందువునకు అంతటి బలము వచ్చియుండెడిదా? తల్లిదండ్రులతో చర్చింపుడు.